రెక్కల గుర్రంతో కొండపల్లికి

కొండపల్లి బొమ్మ ఒక్కటైనా లేని ఇల్లు మన కృష్ణా, గుంటూరు వైపు ఎక్కడన్నా ఉంటుందా చెప్పండి? షోకేసులో ఓ మూల అంబారీ ఏనుగో, తాటిచెట్టు ఎక్కుతున్న గీతకార్మికుడో, పల్లకీలో పెళ్ళికూతురో తప్పకుండా ఉంటారు. పెళ్ళిళ్ళకి ఇస్తాం, పుచ్చుకుంటాం, సంక్రాంతికి బొమ్మల కొలువులో మెట్ల మీద పేరుస్తాం. కానీ ఆ బొమ్మ పుట్టిన ఊరు చూసొచ్చినవాళ్ళు మనలో ఎంతమంది? బెజవాడ నుంచి దాదాపు 20 కిలోమీటర్లు, అంతే. బట్టలకని, డాక్టరుకని, అమ్మవారి దర్శనానికని నెలకోసారి బెజవాడ వెళ్ళొచ్చే మా తెనాలి వాళ్ళం కూడా ఆ కాస్త దూరం ముందుకు వెళ్ళం. నేనూ మొన్న మాఘమాసంలోనే మొదటిసారి వెళ్ళాను. అదీ బొమ్మలు కొనడానికి కాదు. మా అమ్మాయి చేసిన బొమ్మని అక్కడివాళ్ళకి చూపించడానికి!

మా పెద్దమ్మాయికి ఇరవై రెండేళ్ళు. బి.కాం. అయింది. చిన్నప్పుడు చపాతీ పిండి ముద్ద చేతికిస్తే చాలు, పిల్లుల్నీ ఎలుకల్నీ చేసి నా పీట చుట్టూ నిలబెట్టేది. ఆ పిచ్చి పెద్దయ్యాకా పోలేదు. నాలుగేళ్ళుగా పాలిమర్ క్లే అనే ముద్దతో బొమ్మలు చేస్తోంది. అవి లోకంలో ఉన్న జీవాలు కావు. రెక్కలున్న గుర్రం, చేపతోక ఉన్న అమ్మాయి, పుట్టగొడుగు కింద కాపురం పెట్టిన వేలెడంత ముసలాయన, రెండు తలల గండభేరుండం, గుళ్ళ స్తంభాల మీద కనిపించే సింహం ఒళ్ళూ ఏనుగు తొండమూ ఉన్న యాళి... ఒకసారి మా అత్తగారు పూజగదిలోకి వెళ్తూ, ఆరబెట్టిన మూడు తలల డ్రాగన్‌ని చూసి "ఇదెవరి వాహనమే?" అని అడిగారు. ఇంట్లో అందరం నవ్వుకున్నాం గానీ ఆలోచిస్తే ఆవిడ అడిగినదాంట్లో తప్పేముంది? సగం మనిషి, సగం సింహం మనకి దేవుడే కదా.

పాలిమర్ క్లే అంటే ఏమిటో తెలీని వాళ్ళకి చెబుతాను. పేరులో క్లే ఉంది గానీ ఇందులో మట్టి ఉండదు. నీళ్ళ పైపులు చేసే పి.వి.సి. ఉంది చూశారూ, దాని మెత్తటి పొడిలో సాగుడు గుణం కోసం నూనెలాంటి ద్రవం, రంగులు కలిపి ముద్ద చేస్తారు. మట్టిలాగా గాలికి ఆరిపోదు. వేడి తగిలితేనే గట్టిపడుతుంది. దీని పుట్టిల్లు జర్మనీ. అక్కడ కేథె క్రూజె అని బొమ్మల తయారీలో గొప్ప పేరున్న ఆవిడ ఉండేది. బొమ్మల తలలకి పనికొస్తుందేమోనని ఇలాంటి ముద్ద ఆవిడ దగ్గరికి వస్తే, ఆవిడకి నచ్చలేదు. కూతురు సోఫీ దాన్ని తీసుకుని తనకి నచ్చినట్టు చేసుకుంది. ఆ అమ్మాయి ముద్దుపేరు ఫిఫీ. 1964లో అది ఎబర్‌హార్డ్ ఫేబర్ అనే కంపెనీ చేతికి వెళ్ళింది. 'ఫిమో' అని ఇప్పటికీ దుకాణాల్లో అమ్మే పేరులో ఆ ఫిఫీయే ఉంది. తల్లి వద్దని పక్కన పెట్టిన ముద్దతో కూతురు పేరు తెచ్చుకుందన్నమాట. ఈ కథ మా అమ్మాయి నాకు ఎన్నిసార్లు చెప్పిందో! ఎందుకు చెబుతోందో నాకు తెలీదనుకుంటుంది.

బొమ్మ చెయ్యడం చూస్తుంటే మన వంటిల్లే గుర్తొస్తుంది. ముందు ముద్దని పూరీ పిండిలా బాగా మర్దించాలి. చలికాలంలో అయితే అరచేతుల మధ్య పెట్టుకుని చాలాసేపు పిసకాలి, లేకపోతే అంచులు పగుళ్ళిస్తాయి. లోపల సన్న తీగతో అస్థిపంజరంలాంటిది కట్టి, దాని చుట్టూ అల్యూమినియం రేకు, అదే, మనం చపాతీలు చుట్టే సిల్వర్ ఫాయిల్, గట్టిగా ఉండచుట్టి పొట్ట భాగం చేస్తుంది. దాని మీద ముద్ద పలచగా తాపుతుంది. ఇలా చేస్తే ముద్ద ఆదా అవుతుంది, బొమ్మ బరువు తగ్గుతుంది, వేడి లోపలిదాకా సమంగా పాకుతుంది. తర్వాత కుట్టుసూది, పాత టూత్‌బ్రష్షు, పుల్ల. వీటితోనే పొలుసులు, ఈకలు, జూలు! పొలుసు గీతలు పడటానికి చిన్న స్పూను అంచు వాడుతుంది. గుర్రం రెక్కలో ఒక్కొక్క ఈకా విడిగా చేసి అతికిస్తుంది. మన కజ్జికాయ అంచు మడతపెట్టే ఓపిక ఉన్న ఏ చెయ్యికైనా ఇది వస్తుందని నా నమ్మకం.

కాల్చడం దగ్గర మాత్రం ఆటలొద్దు. పాకెట్టు మీద ఎంత వేడి రాసి ఉంటే అంతే. ఫిమోకి 110 డిగ్రీలు, మరికొన్ని రకాలకి 130 డిగ్రీలు. అరంగుళంలో సగం మందానికి అరగంట లెక్క. ఓటీజీలో మీట 110 దగ్గర పెట్టినంత మాత్రాన లోపల 110 ఉండదు. చౌకలో దొరికే ఓవెన్ థర్మామీటరు ఒకటి లోపల పెట్టుకోవాలి. వేడి బాగా మించితే ఈ ముద్ద మాడి, ముక్కులు మండిపోయే ఆమ్లపు పొగ వస్తుంది. అది పీల్చకూడదు. వెంటనే స్విచ్చి కట్టేసి, కిటికీలు తెరిచి, అందరూ బయటికి వచ్చెయ్యాలి. మైక్రోవేవ్‌లో అసలు పెట్టకూడదు. ఇంకోమాట. ఈ ముద్దకి వాడిన గిన్నె, చాకు, అప్పడాల కర్ర మళ్ళీ వంటకి వాడకండి. మా ఇంట్లో దాని సామాను ఎర్రరంగు దారం కట్టి వేరే పెడతాను. ఓటీజీ కూడా పాతది దానికే ఇచ్చేశాను. మిగిలిన పచ్చి ముద్దని గట్టి ప్లాస్టిక్ డబ్బాల్లో వేస్తే కొన్ని డబ్బాలు మెత్తబడి ముద్దకి అతుక్కుపోతాయి. కాగితంలో చుడితే కాగితం నూనె పీల్చేసుకుని ముద్ద ఎండిపోతుంది. పలచటి పాలిథిన్ కవరులో చుట్టి, మన మే నెల ఎండ తగలని చల్లటి చోట పెట్టాలి. కిటికీ పక్కన వదిలేసిన ముద్ద కాల్చకుండానే సగం గట్టిపడి కూర్చుంటుంది.

ఇదంతా సరదాగా ఉన్నంత కాలం మావారు ఏమీ అనలేదు. హైదరాబాదులో అకౌంట్స్ ఉద్యోగం ఒకటి వచ్చింది. నెలకి ఇరవై రెండు వేలు. అమ్మాయి వెళ్ళనంది. బొమ్మలే చేసుకుంటాను, నెలకి మూడు నాలుగు ఆర్డర్లు వస్తున్నాయి కదా అంది. ఇంక చూడండి ఇంట్లో. "బొమ్మలు చేసి బతుకుతావా?" అని ఆయన. "మన ఊళ్ళోనే ఇనప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు చేసి దేశదేశాలకి పంపేవాళ్ళు లేరా?" అని ఇది. తండ్రీ కూతురూ వారం రోజులు నా ద్వారానే మాట్లాడుకున్నారు. కాఫీ ఇచ్చారా అని కూడా నన్నే అడగడం!

నాకు ఇటు చెప్పడానికీ మనసొప్పలేదు, అటు చెప్పడానికీ ఒప్పలేదు. నేను ఇంటర్‌తో చదువు ఆపి పెళ్ళి చేసుకున్నదాన్ని. చేతిలో సొంత జీతం ఉంటే ఆ ధైర్యం వేరని తెలుసు. దాని వేళ్ళలో ఉన్న విద్య కూడా నాకు కనిపిస్తూనే ఉంది. అప్పుడు నేనే అన్నాను, "తరతరాలుగా బొమ్మలు చేసి బతుకుతున్నవాళ్ళు పక్క జిల్లాలో ఉన్నారు. ఒకసారి వెళ్ళి చూసొస్తాం" అని. ఆయన సరే అన్నారు, అక్కడి కష్టం చూస్తే దీనికి బుద్ధి వస్తుందని. అమ్మాయీ సరే అంది, అక్కడి పనితనం చూస్తే నాకు బుద్ధి వస్తుందని!

పొద్దున్నే రైల్లో బెజవాడ చేరాం. గుర్రాన్ని స్టీలు క్యారియర్ పెద్దగిన్నెలో చుట్టూ దూది కుక్కి పెట్టాం. రెక్కలున్న బొమ్మకి ప్రయాణంలో గండం రెక్క మొదట్లోనే. కింద మెత్తగా ఉంటే సరిపోదు, రెక్కల అడుగున కూడా దూది ఆనాలి. ఇంకో సంచిలో మా అమ్మ నా పెళ్ళికిచ్చిన అంబారీ ఏనుగు ఉంది. దాని తొండం చివర ఎప్పుడో విరిగింది, ఆ ముక్క లేదు.

పండిట్ నెహ్రూ బస్టాండులో కొండపల్లి బస్సెక్కాం. భవానీపురం, గొల్లపూడి, గుంటుపల్లి దాటాక ఇబ్రహీంపట్నం దగ్గర థర్మల్ స్టేషను గొట్టాలు కనిపిస్తాయి. హైదరాబాదు రోడ్డు వదిలి కుడివైపు తిరిగితే ఎదురుగా కొండలు, కొండ మీద ఖిల్లా. 14వ శతాబ్దంలో రెడ్డిరాజుల కాలంలో కట్టారంటారు. తర్వాత గజపతులు, శ్రీకృష్ణదేవరాయలు, గోలకొండ నవాబులు, ఇంగ్లీషువాళ్ళు అందరి చేతులూ మారింది. మేము కొండెక్కలేదు. నా మోకాళ్ళ సంగతి నాకు తెలుసు కదా! నేరుగా బొమ్మల కాలనీకి వెళ్ళాం. ఇప్పుడిది ఎన్.టి.ఆర్. జిల్లాలోది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు మారింది. అంతకుముందు కృష్ణా జిల్లా. నోరు ఇంకా కృష్ణా జిల్లా అనే అంటుంది.

వీధికి అటూ ఇటూ దుకాణాలు, ఆ దుకాణాల వెనకే ఇళ్ళు. అరుగు మీద బాడిశతో చెక్కేవాళ్ళు, గుమ్మంలో రంగులు వేసే ఆడవాళ్ళు. ఈ పని చేసేవారు ఆర్యక్షత్రియులు. నాలుగు వందల ఏళ్ళ కిందట తమ పెద్దలు రాజస్థాన్ నుంచి వచ్చారని చెప్పుకుంటారు. ముందు కనిపించిన దుకాణంలో దశావతారాల సెట్టు పెట్టి ఉంది. మా అమ్మాయి అక్కడే ఆగిపోయింది. చేప నడుములోంచి మనిషి పైకి లేచినట్టున్న మత్స్యావతారాన్ని చేతిలోకి తీసుకుని, పొలుసుల మీద వేలితో రాస్తూ, "అమ్మా, నేను చేసిన చేపతోక అమ్మాయికి ఇలా నడుం దగ్గర కలపడం రాక పూసలదండ చుట్టాను" అంది. లోకంలో లేని జీవాలు మా అమ్మాయే మొదట చెయ్యలేదని దానికీ తెలుసు గానీ, అవన్నీ వరసగా నిలబడి ఉంటే చూడటం వేరు.

పక్క ఇంట్లో పెద్దాయన ఒకరు లోపలికి రమ్మన్నారు. డెబ్భై ఏళ్ళుంటాయి. ముందు కర్ర చేతికిచ్చారు. ఎత్తి చూస్తే బరువే లేదు, బెండులాగా ఉంది! తెల్లపొనికి కర్ర అది. చుట్టుపక్కల కొండల మీద పెరిగే చెట్టు. పచ్చి కర్రతో బొమ్మ చేస్తే తర్వాత చీలిపోతుంది, అందుకని బాగా ఆరబెట్టి, సన్నసెగ మీద వేడి చేసి, లోపలి తడంతా లాగేస్తారు. ఏనుగంటే ఒక్క ముక్కలో చెక్కింది కాదు. ఒళ్ళు వేరు, కాళ్ళు వేరు, చెవులు వేరు. అన్నీ విడివిడిగా చెక్కి అతుకుతారు. తర్వాత ఆకురాయితో నున్నగా రాస్తారు.

అతకడానికి, సందులు పూడ్చడానికి, తొండం ఒంపు తిప్పడానికి వాడేదే మక్కు. చింతగింజల పొడితో జిగురు కాచి, అందులో రంపపుపొట్టు కలిపిన ముద్ద. పెద్దాయన ఒక చిన్న ఉండ మా అమ్మాయి చేతిలో పెట్టారు. అది రెండు వేళ్ళతో నలిపి, సాగదీసి, కొస తిప్పింది. "తాతగారూ, నేను చేసేది కూడా ఇలాంటి ముద్దతోనే" అంటూ క్యారియర్ విప్పింది.

ఆయన గుర్రాన్ని తీసుకుని ముందు చూసింది ముఖం కాదు. తలకిందులు చేసి కాళ్ళ అడుగు చూశారు. తర్వాత రెక్క మొదట్లో గోరు పెట్టి మెల్లిగా నొక్కారు. "ఇది కర్రా?" "కాదండీ, ప్లాస్టిక్ లాంటిది. కాలిస్తే గట్టిపడుతుంది." "నీళ్ళు పడితే?" "ఏమీ కాదండీ, కానీ నానబెట్టకూడదు." "ఎండకి?" "కొన్ని రంగులు వెలుస్తాయి." "పడితే?" అమ్మాయి మాట్లాడలేదు. ఆయనే చెప్పారు, "రెక్క సన్నంగా బాగుంది తల్లీ. కానీ బరువంతా అతుకు మీద పడుతోంది. మేమైతే మొదట్లో మందం పెట్టి చివరికి సన్నం చేస్తాం. చూసేవాడి కన్ను చివరే చూస్తుంది" అని. అది వెంటనే సంచిలోంచి చిన్న పుస్తకం తీసి రాసుకుంది. ఇంట్లో నేను చెప్పినవి ఒక్కటైనా అలా రాసుకుందా!

తర్వాత ఆయన అడిగిన ప్రశ్నకే మా ప్రయాణం ఖర్చు గిట్టిందనిపించింది నాకు. "దీన్ని ఎంతకమ్ముతావు?" "ఎనిమిది వందలండీ." "సరుకు ఎంత?" "రెండు వందల యాభై దాకా అవుతుంది." "ఎన్నాళ్ళు పట్టింది?" "తొమ్మిది రోజులు. రోజుకి మూడు నాలుగు గంటలు." ఆయన వేళ్ళ మీద లెక్క వేసుకుని నా వైపు చూశారు. ముప్ఫై గంటలకి అయిదు వందల యాభై. గంటకి పద్దెనిమిది రూపాయలు. అందులో కరెంటు లేదు, పార్సిలు అట్టపెట్టె లేదు, విరిగిపోయినవి లేవు. "నీ చేతికి కూలి వెయ్యలేదు నువ్వు" అన్నారాయన. "ధర తగ్గిస్తే కొనేవాళ్ళు ఎక్కువమంది వస్తారు, నిజమే. కానీ పదో బొమ్మకి నీకే విసుగొస్తుంది. మా వాళ్ళు చాలామంది అలాగే పని మానేశారు."

బి.కాం. చదివిన పిల్ల, డెబిట్లూ క్రెడిట్లూ రాసిన పిల్ల, తన చేతిపనికి కూలి లెక్క వెయ్యలేదు చూశారా! దాన్ని అనుకునేదేముంది? పచ్చళ్ళు పట్టి బంధువులకి పంచినప్పుడు మామిడికాయలెంత, నూనెంత, కారమెంత అని లెక్క చెబుతాం గానీ, రెండ్రోజులు నిలబడి కాయలు కొట్టించి ముక్కలు తుడిచిన మన నడుముకి ఎంతని ఎవరన్నా వేశామా? అది మన ఇళ్ళల్లో చూసి నేర్చుకున్న లెక్కే.

ఆయన దాచుకోకుండా తమ కష్టాలూ చెప్పారు. పొనికి చెట్టు పెరగడానికి ఏళ్ళు పడుతుంది, దగ్గర్లో దొరకడం తగ్గిపోయింది. వానాకాలంలో కర్ర ఆరదు, రంగు ఆరదు. కొండపల్లి బొమ్మకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంటే ఇంకో ఊళ్ళో చేసినదానికి ఈ పేరు పెట్టి అమ్మకూడదు. అయినా సగం ధరకి మిషన్ల మీద చేసిన బొమ్మలు బజారులో దొరుకుతుంటే బేరమాడేవాళ్ళు ఆ ధరే అడుగుతారట. ఆయన ఇద్దరు కొడుకుల్లో ఒకరు మాత్రమే ఈ పనిలో ఉన్నారు. రెండో ఆయన కంపెనీలో పని చేస్తున్నాడు. "వాడు సుఖంగా ఉన్నాడు. వీడు ఇష్టంగా ఉన్నాడు" అన్నారు. మావారు కూడా వచ్చి ఈ మాట విని ఉంటే బాగుండేదనిపించింది. ఎవరి పక్షం తీసుకునేవారో!

ఆయన భార్య గుమ్మంలో కూర్చుని రంగులు వేస్తోంది. ముందు బొమ్మకంతా తెల్లసుద్ద పూత. అది ఆరాక మిగిలిన రంగులు. సన్నగీతలకి మేక వెంట్రుకల కుంచె. మా ఏనుగుని చూపించాను. పెద్దాయన మక్కుతో తొండం చివర కట్టి, ఎండలో పెట్టారు. అది ఆరేలోపు ఆవిడతో మాటలు. "మొత్తం కొత్త రంగు వేసిస్తానమ్మా, మెరిసిపోతుంది" అన్నారు పెద్దాయన. ఆవిడ తలెత్తకుండానే, "వద్దులెండి, వాళ్ళమ్మగారిచ్చింది కదా, పాతరంగు మీదికి కలిపేస్తా" అంది. పచ్చలో కాస్త నలుపు, కాస్త సుద్ద కలిపి, తొండం కొసకి వేసి, ఆగి, మళ్ళీ కలిపి, మూడోసారికి నాకే అతుకు కనిపించలేదు. నలభై ఏళ్ళుగా రంగులు వేస్తోందట. కళ్ళు మాత్రం అన్నిటికంటే ఆఖర్న దిద్దుతుంది. "కళ్ళు పెట్టాక ఇంక బొమ్మని సరిచెయ్యాలంటే చెయ్యి రాదక్కా, అది మనల్నే చూస్తుంటుంది" అంది. మా అమ్మాయి గుర్రానికి కళ్ళు ముందే పెట్టేస్తుంది. నల్లపూసలు గుచ్చి, చుట్టూ రెప్పలు కడుతుంది. ఇద్దరూ దాని గురించి చాలాసేపు వాదించుకున్నారు. నాకు ఆకలేసి బయటికి వచ్చి అరటిపళ్ళు కొనుక్కొచ్చాను, అప్పటికీ తెగలేదు.

అతుకుకీ రంగుకీ ఆవిడ నూట యాభై అడిగింది. నా చెయ్యి అలవాటు కొద్దీ పర్సులో వంద నోటు దగ్గర ఆగింది గానీ, అప్పుడే విన్న లెక్క చెవిలో ఉంది. అడిగినంతా ఇచ్చి, దశావతారాల సెట్టు కూడా తీసుకున్నాం.

ఇంటికొచ్చాక ఏమైందంటే, అమ్మాయి గోడకి ఒక కాగితం అంటించింది. ఏ బొమ్మకి ఎన్ని గంటలు, ఎంత సరుకు, ఎంత కరెంటు, ఎన్ని విరిగాయి. గంటకి ఎనభై రూపాయలు కూలి వేసుకుంది. గుర్రం ధర రెండు వేల ఎనిమిది వందలైంది. పాత బేరాల్లో ఇద్దరు మాట్లాడకుండా తప్పుకున్నారు. ఒకావిడ మాత్రం యాళిని చెయ్యమని సగం డబ్బు ముందే పంపింది. మావారు ఆ కాగితం ముందు నిలబడి కళ్ళజోడు పెట్టుకుని అంకెలన్నీ కూడి చూశారు. ఒకచోట కూడిక తప్పు పట్టి సరిచేశారు కూడా. ఆ తర్వాత, "వచ్చే సంక్రాంతి దాకా చూద్దాం" అన్నారు. అదీ అమ్మాయితోనే నేరుగా అన్నారు. ఈలోపు అది ఇంట్లో కూర్చునే ఇద్దరు వ్యాపారస్థుల లెక్కలు రాసి నెలకి ఆరు వేలు తెచ్చుకోవాలని షరతు పెట్టారు, అది ఒప్పుకుంది. సంక్రాంతికి ఏమవుతుందో నాకూ తెలీదు.

ఇప్పుడు మన షోకేసులో ఈ రెండు జాతుల బొమ్మలూ పక్కపక్కన ఉన్నాయి కదా, వాటిని చూసుకోవడం ఒకటి కాదు. కొండపల్లి బొమ్మకి తడిగుడ్డ తగలకూడదు. నీటిరంగు వేసినదైతే గుడ్డకి రంగు వచ్చేస్తుంది. ఎనామిల్ రంగైనా సరే, తడి సందుల్లోకి దిగితే మక్కు ఉబ్బుతుంది. పొడి కుంచెతో దులిపితే చాలు. కొలువు అయ్యాక పాలిథిన్ కవర్లలో చుట్టి అటక మీద పెట్టేస్తుంటాం, చెమ్మ లోపలే ఉండిపోతుంది. పాత నూలుచీర ముక్కల్లో చుట్టి, చెక్కపెట్టెలో పెట్టి, ఎండు వేపాకు వెయ్యండి. మా అమ్మ అలాగే చేసేది. ఆ ఏనుగుకి ఇరవై ఆరేళ్ళు దాటినా పురుగు పట్టలేదు. వానలు వెనకబట్టాక ఒకసారి తీసి నీడలో గాలికి పెట్టాలి, ఎండలో కాదు.

పాలిమర్ బొమ్మకి పురుగు భయం లేదు, చెమ్మ భయం లేదు. దుమ్ము మాత్రం ఈకల సందుల్లో కూర్చుంటుంది. పౌడరు అద్దుకునే మెత్తటి కుంచెతో దులిపి, మరీ మురికైతే గోరువెచ్చటి నీళ్ళలో చుక్క సబ్బు వేసి దూదితో అద్ది తుడవాలి. పైన రంగులు వేసిన చోట మెల్లిగా. దీని శత్రువు మన డ్రెస్సింగ్ టేబుల్ మీదే ఉంది. గోళ్ళరంగు! మెరుపు కోసమని కొందరు బొమ్మ మీద గోళ్ళరంగు పూస్తారు. కొన్నాళ్ళకి ఆ పొర మెత్తబడి జిగట పట్టి, దుమ్మంతా అంటుకుని బొమ్మ పాడైపోతుంది. గోళ్ళరంగు తుడిచే మందు పడితే బొమ్మే కరుగుతుంది. మెరుపు కావాలంటే నీళ్ళతో కలిసే రకం వార్నిష్ వాడాలి. ఎండ పడే కిటికీలోనూ, టీవీ వెనక వేడి తగిలే చోటా పెట్టొద్దు. తీసేటప్పుడు రెక్క పట్టుకుని ఎత్తవద్దు, ఒంటి కింద చెయ్యి పెట్టి ఎత్తండి. ఒకవేళ రెక్క విరిగితే ముక్క పారెయ్యకండి. రెండు అంచులూ తుడిచి, సూపర్ గ్లూ ఒక్క చుక్క పెట్టి కదలకుండా పట్టుకుంటే నిలుస్తుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో మాత్రం పై అరలో పెట్టండి. ఇది ఆడుకునే బొమ్మ కాదు, నోట్లో పెట్టుకునేది అంతకన్నా కాదు.

కొండపల్లి వెళ్ళాలనుకునేవారు చలికాలంలో వెళ్ళండి. పొద్దున తొమ్మిది గంటలకల్లా ఉంటే అరుగుల మీద పని చూడొచ్చు. మధ్యాహ్నం భోజనాల వేళ అందరూ లోపలికి వెళ్ళిపోతారు. బెజవాడ నుంచి సిటీ బస్సులున్నాయి, కాజీపేట లైనులో రైల్వేస్టేషనూ ఉంది. ఖిల్లా కూడా చూడాలంటే పిల్లల్ని వెంటబెట్టుకుని ముందు కొండెక్కి, దిగాక బొమ్మల దగ్గరికి రండి. మొదటి దుకాణంలోనే కొనెయ్యకుండా లోపలి ఇళ్ళ దాకా నడవండి, చేసినవాళ్ళ చేతి నుంచే తీసుకోవచ్చు. మీ ఇంట్లో కాలు విరిగిన ఎద్దో, చెవి ఊడిన ఏనుగో ఉంటే దాన్నీ సంచిలో వేసుకెళ్ళండి. అతికాక ఎండలో ఆరడానికి ఒక పూట పడుతుంది, కాబట్టి ముందు దాన్ని ఇచ్చేసి తర్వాత ఊరు చూడండి.